కూలిన మట్టికి కూలి ఎవరిస్తారు?

వాన మొదలైతే ఎండబెట్టిన మిరపకాయలు లోపలికి తెచ్చుకోవడం, ఆ తర్వాత భూపాలపల్లిలో ఉన్న మా అక్కకి ఫోను చెయ్యడం. ఈ రెండు పనులూ అయ్యాకే నాకు కాలు నిలుస్తుంది. మేం ముగ్గురు అక్కచెల్లెళ్ళం. నేను జనగామలో, అక్క భూపాలపల్లిలో, చెల్లెలు మానుకోటలో. (మహబూబాబాద్ అంటే చెల్లెలికి ఇప్పటికీ కోపం. "మానుకోట అను" అంటుంది.) 2016 అక్టోబరు 11 వరకూ ముగ్గురం ఒకే వరంగల్ జిల్లా ఆడపడుచులం. ఆ రోజు నుంచీ మూడు జిల్లాల వాళ్ళమయ్యాం. వాన మాత్రం ఇంకా ముగ్గురికీ ఒక్కటే.

అక్క కొడుకు డంపర్ నడుపుతాడు. ఓపెన్‌కాస్టు గనుల్లో బొగ్గు మీద ఉన్న మట్టిని తవ్వి దూరంగా పోసే పని. ఏ గనిలో, ఏ కాంట్రాక్టరు దగ్గర అన్నది ఇక్కడ అనవసరం. వాడికి నైట్ షిఫ్ట్ పడి, ఆ రాత్రి వాన పడిందంటే అక్క పడుకోదు. అక్క పడుకోదని తెలిసి నేనూ పడుకోను. మావారు మాత్రం "మీరిద్దరూ మేలుకుంటే గని ఆగుతుందా?" అని అటు తిరిగి పడుకుంటారు.

వానాకాలంలో పేపర్లో వచ్చే ఒక వార్త మీరూ చూసే ఉంటారు. "భారీ వర్షాలకు ఓపెన్‌కాస్టుల్లో నిలిచిన ఉత్పత్తి" అని శీర్షిక. కింద ఇన్ని వేల టన్నుల బొగ్గుకి ఆటంకం, ఇన్ని లక్షల ఘనపు మీటర్ల మట్టి వెలికితీత ఆగింది, ఇన్ని కోట్ల నష్టం అని లెక్క. ఏటా వస్తుంది. అంకెలు మారతాయి, వార్త అదే. పోయిన వానాకాలంలో అలాంటి వార్త చదువుతుంటే నాకో సందేహం వచ్చింది. ఆగిన బొగ్గు లెక్క చెప్తున్నారు సరే, ఆ తవ్విపోసిన మట్టి గుట్టలు వానకి ఎలా ఉన్నాయో ఎవరు చూస్తున్నారు? చూసి ఎవరికి చెప్తున్నారు? ఆ గుట్టలకి ఎంత దూరంలో ఎవరి ఇల్లుందో ఎవరు రాస్తున్నారు?

నాకీ ధ్యాస రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది నా చిన్నప్పటి సంగతి.

మా అమ్మమ్మ వాళ్ళ ఊరు జనగామ దగ్గరే. నీళ్ళకి కటకట ఎంతో ఆ ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఉన్న బావి ఎండిపోయి తాత దాన్ని వెడల్పు చేసి లోతు తవ్వించాలనుకున్నాడు. వడ్డెర మేస్త్రి ఒకాయన తన మనుషుల్ని తీసుకొచ్చాడు. గజం లోతుకి ఇంత అని గుత్త. ఆడవాళ్ళు తట్టల్తో మన్ను మోసేవాళ్ళు. నేను సెలవులకి వెళ్ళి గట్టు మీద కూచుని చూసేదాన్ని. ఓ రోజు మధ్యాహ్నం మేస్త్రి బావి ఒడ్డు వెంట నడుస్తూ ఒక చోట ఆగాడు. నేల మీద సన్నటి నెర్రె, వెంట్రుకంత. దానిలో పుల్ల పెట్టి చూశాడు. కిందికి తొంగి చూసి, దరి నుంచి ఊరుతున్న నీళ్ళు మట్టిరంగుకి మారినయని అందర్నీ పైకి రమ్మన్నాడు. తాత "ఇంకా పొద్దుంది గదా" అని గొణిగాడు. మేస్త్రి వినలేదు. ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఆ వైపు దరి మొత్తం బావిలోకి జారిపోయింది. మేం ఇంట్లో ఉండి చప్పుడు విన్నాం.

ఎవరికీ ఏమీ కాలేదు. అసలు గొడవ మర్నాడు మొదలైంది. కూలిన మన్ను తీస్తే గానీ కింద తవ్వడానికి లేదు. తియ్యడానికి వారం పడుతుంది. గుత్త మాత్రం లోతు లెక్క మీద. కూలిన మన్ను ఎంత తీసినా బావి ఒక్క అంగుళం లోతు పెరగదు కదా! అందుకని తాత "దానికి నేనెందుకియ్యాలె" అన్నాడు. మేస్త్రి "మరి మేమెందుకు ఊకెనే తియ్యాలె" అన్నాడు. రెండ్రోజులు పని ఆగింది. చివరికి అమ్మమ్మ గాదెలోంచి వడ్లు కొలిచి పంపింది, తాతకి చెప్పే పంపింది. తాత మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

పెద్దయ్యాక గనుల గురించి చదువుతుంటే ఎక్కడ చూసినా నాకు ఆ బావే కనిపిస్తోంది. నెర్రెని ఎవరు చూశారు, చూసినవాడికి పని ఆపే అధికారం ఉందా, కూలాక ఎవరు తీశారు, తీసినదానికి ఎవరిచ్చారు. ఉటా నుంచి వేల్స్ దాకా ఇవే ప్రశ్నలు.

ముందు ఓపెన్‌కాస్టు అంటే ఏమిటో ఒక్క మాట. భూగర్భ గనిలో మనిషి బొగ్గు దగ్గరికి దిగుతాడు. ఓపెన్‌కాస్టులో బొగ్గు మీదున్న భూమినంతా ఎత్తి పక్కన పెడతారు. ఆ ఎత్తిన మట్టీ రాయీ కలిసి ఓవర్‌బర్డెన్, మనవాళ్ళ నోట్లో 'ఓబీ'. సింగరేణి 2023-24లో సుమారు 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది. అందులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టులదే. ఒక టన్ను బొగ్గు కావాలంటే సగటున అయిదారు ఘనపు మీటర్ల మట్టి ఎత్తిపోయాలి. ఒక్కో ఘనపు మీటరు దరిదాపు రెండు టన్నుల బరువు. అంటే మనకి గుప్పెడు గింజలు దక్కడానికి గంపెడు పొట్టు చెరిగినట్టు. ఆ పొట్టే కోల్‌బెల్టు ఊళ్ళ పక్కన గుట్టలుగా నిలబడి ఉంది. మా అక్క మనవరాలు వాటిని నిజం గుట్టలే అనుకుంటుంది. బొమ్మలో కూడా అవే వేస్తుంది, పైన చెట్లు లేకుండా.

గుట్ట ఎందుకు కూలుతుందన్నది ఇంజనీర్ల విషయం అనుకుంటాం గానీ, కల్లం చేసిన ఆడవాళ్ళకి తెలియనిదేం కాదు. వడ్లు రాశి పోయండి. ఎంత పోసినా ఒక వాలు దాటి నిలబడదు, జారి తన వాలు తను చూసుకుంటుంది. మట్టిదీ అదే గుణం. అందుకే మన బొగ్గు గనుల నిబంధనల్లో మట్టి గుట్ట వాలు 37.5 డిగ్రీలు మించకూడదనీ, 30 మీటర్ల ఎత్తు దాటితే మెట్లు మెట్లుగా కట్టాలనీ, దాని పాదం రోడ్డుకి, రైలుకి, ఇళ్ళకి 100 మీటర్ల లోపు రాకూడదనీ రాసుకున్నారు. 30 మీటర్లంటే పదంతస్తుల మేడ. ఒక మెట్టే అంత!

తడి సంగతి పిల్లల్నడగండి. పాదం మీద ఇసుక కప్పి పిచ్చుక గూడు కట్టేటప్పుడు కొంచెం తడి ఉంటే గూడు నిలుస్తుంది. ఒక చెంబెడు నీళ్ళు పోస్తే మొత్తం కరిగి కూచుంటుంది. గుట్టలోకి వాననీళ్ళు ఇంకి బయటికి పోయే దారి లేకపోతే లోపల్నుంచి అదే జరుగుతుంది. ఇక గుట్ట కింద నేల బంకమట్టిదైతే, నూనె ఒలికిన గచ్చు మీద బియ్యం బస్తా పెట్టినట్టే. బస్తా బాగానే ఉంటుంది, జారేది కింద.

ఏదీ చెప్పకుండా జరగదు. పైన నెర్రెలు విచ్చుతాయి, కింద పాదం పొట్టలా ఉబ్బుతుంది, ఊట నీళ్ళు రంగు మారతాయి. మా మేస్త్రి పుల్ల పెట్టి చూసినదాన్నే ఇప్పుడు రాడార్లు పెట్టి మిల్లీమీటర్లలో చూస్తున్నారు. సింగరేణిలో కూడా కొన్ని ఓపెన్‌కాస్టుల్లో అలాంటి రాడార్లు ఉన్నాయి. చూడ్డానికి పనిముట్లు లేవనే సాకు ఈ కాలంలో చెల్లదు.

చూసి ఆపితే ఎలా ఉంటుందో చెప్పడానికి అమెరికా సంగతి ఒకటి. ఉటా రాష్ట్రంలో సాల్ట్‌లేక్ సిటీ దగ్గర బింగమ్ కాన్యన్ అని రాగి గని ఉంది. కిలోమీటరు దగ్గర లోతు, నాలుగు కిలోమీటర్ల వెడల్పు. 2013 మొదటి నెలల్లోనే ఒక పక్క గోడ కదులుతోందని పరికరాలు చెప్పాయి. కంపెనీ నమ్మింది. పర్యాటకులు వచ్చే భవనాన్ని మూసేసింది, మనుషుల్ని ముందే బయటికి పంపేసింది. 2013 ఏప్రిల్ 10 రాత్రి తొమ్మిదిన్నరకి ఒకసారి, మళ్ళీ గంటన్నర తర్వాత ఇంకోసారి ఆ గోడ జారింది. రెండూ కలిపి దాదాపు 14 కోట్ల 50 లక్షల టన్నులు. మన సింగరేణి ఏడాదంతా తీసే బొగ్గుకి రెట్టింపు బరువు, రెండు దఫాలుగా ఒక్క రాత్రిలో. భూకంప కేంద్రాల్లో నమోదయింది. డజనుకి పైగా భారీ డంపర్లు, మూడు షావెళ్ళు పాడయ్యాయి. ఒక్క మనిషికి గాయం కాలేదు.

కథ అక్కడితో అయిపోలేదని మాత్రం గుర్తుంచుకోవాలి. అంత మట్టి తీసి గనిని దారికి తేవడానికి ఏళ్ళు పట్టింది. లోపలికి దిగే ముఖ్యమైన రోడ్డు మళ్ళీ వెయ్యడానికే ఆ ఏడు నవంబరు దాకా అయింది. ప్రమాదం ఉన్నచోట్ల మనుషుల్ని ఎక్కించకుండా దూరం నుంచి నడిపే బుల్డోజర్లు వాడారు. ఇటు ఖర్చు తగ్గించుకోవడానికి కార్మికుల్ని సెలవులు పెట్టుకోమన్నారు, జీతం లేని సెలవులు కూడా. ప్రాణాలు దక్కినా, మట్టి కూలినదానికి కూలి కొంత వాళ్ళ జేబుల్లోంచే పోయిందన్నమాట. నాకు తాత గుర్తొచ్చాడు.

మనదగ్గర ఏం జరిగింది? 2016 డిసెంబరు 29 సాయంత్రం ఝార్ఖండ్‌లోని గొడ్డా జిల్లా లాల్‌మటియా దగ్గర రాజమహల్ ఓపెన్‌కాస్టులో మట్టి జారింది. కోల్ ఇండియా కింద ఉండే ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ గని అది. 23 మంది చనిపోయారు, కాంట్రాక్టు మీద పనిచేసే వాళ్ళు. చలికాలం, చీకటి, మంచు. యంత్రాలతో సహా మనుషులు అడుగున. నెర్రెలు కనిపిస్తున్నాయని ముందే చెప్పామని తోటి కార్మికులు అన్నట్టు అప్పుడు పేపర్లలో వచ్చింది. జారిన మట్టి సుమారు 95 లక్షల ఘనపు మీటర్లని అధికారులు చెప్పారు.

ఈ అంకె చదివేసి పక్కకి పోతే ఏమీ అర్థం కాదు. నేను మావాడి లెక్కల పుస్తకం వెనక అట్ట మీద వేసి చూశాను. మన వీధిలో ఇల్లు కట్టేవాళ్ళకి ఇసుక తెచ్చే పెద్ద టిప్పర్‌లో పది ఘనపు మీటర్లు పడతాయనుకుందాం. తొమ్మిదిన్నర లక్షల ట్రిప్పులు. రోజుకి వెయ్యి ట్రిప్పులు తోలినా రెండున్నరేళ్ళు! ఆ మట్టి కింద కొడుకున్న తల్లి అంచున నిలబడి ఎన్నాళ్ళని చూస్తుంది? కూలాక తియ్యడం అనేది ఎంత పెద్ద మాటో, కూలకముందు ఆపడం ఎంత చిన్న ఖర్చో ఈ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది.

పైగా తియ్యడం మనం అనుకున్నంత తిన్నగా సాగే పని కాదు. మనకి తోచేదేమిటి? ఎదురుగా ఉన్న మట్టిని కిందినుంచి తోడెయ్యడం. బియ్యం రాశి అడుగున చాట పెట్టి లాగి చూడండి, పైదంతా చేతుల మీదకొస్తుంది. జారిన గుట్టకి పాదమే ఊతం. దాన్ని తీస్తే మళ్ళీ జారుతుంది. అందుకని పైనుంచి తేలిక చేసుకుంటూ రావాలి, ముందు నీళ్ళు మళ్ళించాలి, ఇంకా కదులుతోందా లేదా అని కొలుస్తూనే ఉండాలి. తీసిన మట్టిని పొయ్యడానికి మళ్ళీ ఇంకో చోటు వెతుక్కోవాలి. బింగమ్‌లో మొదటిది జారిన గంటన్నరకే రెండోది జారిందని చెప్పాను కదా. మొదటిది జారగానే యంత్రాలకి ఏమైందో చూద్దామని ఎవరైనా దిగి ఉంటే? ఆత్రంతో దిగినవాడే రెండో విడతలో పోతాడు.

ఆత్రం ఎక్కడినుంచి వస్తుందన్నది మా అక్క కొడుకు చెప్పాడు. వాడి డ్రైవర్లకి ట్రిప్పుల లెక్క. ట్రిప్పు తగ్గితే చేతికొచ్చేది తగ్గుతుంది. "నెర్రె కనవడ్డదనుకో పిన్నీ, నేను బండి ఆపొచ్చు. ఆపుడు తప్పని ఎవ్వరనరు. గానీ నా వెనక పది బండ్లుంటయి. పదిమంది ట్రిప్పులు నేను ఆపినట్టయితది. రేపు అది కూలకపోతే?" అన్నాడు. కూలకపోతే! కూలితే ఏమవుతుందని వాడు భయపడటం లేదు, కూలకపోతే తను అబద్ధాలకోరు అవుతానని భయపడుతున్నాడు. ఈ మాట విన్నాక నేను చాలాసేపు ఏం మాట్లాడలేకపోయాను. మా మేస్త్రి కూడా లోతు లెక్క గుత్తకే పనిచేశాడు. అయినా పైకి రమ్మనగలిగాడు, ఎందుకంటే దిగినవాళ్ళు ఆయన పెళ్ళాం, బిడ్డలు, తమ్ముళ్ళు. ఆపే అధికారం ఆయన చేతిలోనే ఉంది.

ఇదంతా ఎక్కడో ఝార్ఖండ్ సంగతి కదా అనుకోవద్దు. 2024 జులైలో రామగుండం ఓసీపీ-2లో పైపులైను మరమ్మతుకి వెళ్ళిన కార్మికుల మీద మట్టి కూలి ఇద్దరు చనిపోయారు. పెద్ద గుట్ట జారనక్కర్లేదు, మనిషి ఎత్తు మట్టి చాలు. అసలు గనే అక్కర్లేదు. 2019 ఏప్రిల్ 10న నారాయణపేట జిల్లా తీలేరులో ఉపాధి హామీ పనికి వెళ్ళిన ఆడవాళ్ళు ఎండకి తాళలేక మట్టిదిబ్బ నీడన కూచున్నారు. ఆ దిబ్బే విరిగి పడి పదిమంది పోయారు. పదిమందీ ఆడవాళ్ళే. ఓ టార్పాలిన్ పందిరి ఖరీదు ఎంతుంటుందో నాకంటే మీకే బాగా తెలుసు. బింగమ్ కాన్యన్ తారీఖు కూడా ఏప్రిల్ పదే కావడం కాకతాళీయం. అక్కడ కోట్ల టన్నులు, సున్నా మంది. ఇక్కడ ఒక దిబ్బ, పదిమంది.

ఇక వాన. 2023 జులై చివర్లో పడ్డ వాన మా ముగ్గురం ఈ జన్మకి మర్చిపోం. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్లు, భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 61.65. పరకాల నుంచి భూపాలపల్లి వెళ్ళే దారిలో మోరంచపల్లి మీకు తెలిసే ఉంటుంది. జులై 27 తెల్లారేసరికి మోరంచవాగు ఊళ్ళోకి వచ్చేసింది. జనం మిద్దెలెక్కారు. హెలికాప్టర్లు, పడవలు వచ్చి దించాయి. కొట్టుకుపోయిన వాళ్ళు కొందరు మళ్ళీ రాలేదు. నీళ్ళు తీశాక ఇళ్ళల్లో పేరుకున్న బురద ఎవరు ఎత్తిపోశారో, తడిసిన బియ్యం ఎవరు ఆరబోశారో ఈ పేజీ చదివేవాళ్ళకి నేను చెప్పాలా? అది గని ప్రమాదం కాదు. కానీ 37.5 డిగ్రీలు, 30 మీటర్లు అని లెక్కలు కట్టినవాళ్ళు ఒక్క రోజులో అరవై సెంటీమీటర్ల వానని ఊహించి కట్టారా అన్నది నా అనుమానం. అలాంటి వాన మళ్ళీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయితే గుట్టల వాలు, నీళ్ళు పోయే కాలువలు మళ్ళీ లెక్క చూసుకోవాలి కదా?

ఇంకోటి కూడా చూశాం. 2024 సెప్టెంబరు 1న మానుకోట వైపు ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలుపట్టాల కింద మట్టి మొత్తం కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. చెల్లెలు ఫోటో పంపితే గుండె ఆగినంత పనయింది. మూడు నాలుగు రోజుల్లో వందలమంది రాత్రింబవళ్ళు పనిచేసి మళ్ళీ రైళ్ళు నడిపారు. మెచ్చుకోవాల్సిందే. తల్చుకుంటే ఎంత వేగంగా చెయ్యగలరో దానివల్ల తెలిసింది. తల్చుకోనిచోట ఎందుకు ఏళ్ళు పడుతుందన్నది కూడా దానివల్లే అడగాలనిపిస్తోంది.

శుభ్రం చేసినదానికి ఎవరివ్వాలన్న ప్రశ్నకి ప్రపంచంలో అన్నిటికంటే సిగ్గుచేటైన జవాబు వేల్స్‌లో వచ్చింది. అబర్‌ఫాన్ అనే బొగ్గు ఊరు. ఊరి పైన కొండ మీద గని వ్యర్థాన్ని గుట్టలుగా పోసేవారు. ఏడో గుట్టని నీటి ఊటల మీద పోశారు. అంతకుముందే ఆ కొండమీంచి మురుగు స్కూలు దాకా వస్తోందని తల్లులు అర్జీ పెట్టుకున్నారు. 1966 అక్టోబరు 21, శుక్రవారం, సెలవులకి ముందు చివరి రోజు. ఉదయం 9.15కి, పిల్లలు అప్పుడే తరగతుల్లో కూచున్న వేళకి, గుట్ట జారి స్కూలు మీద పడింది. 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు. నేనీ అంకెలు రాస్తూ మావాడి స్కూలు బ్యాగు వైపు చూశాను.

విచారణలో తప్పు జాతీయ బొగ్గు బోర్డుదేనని తేలింది. అయితే కొండ మీద ఇంకా మిగతా గుట్టలు అలాగే ఉన్నాయి. వాటిని తీసెయ్యమని పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు అడిగారు. ఖర్చవుతుందన్నారు పెద్దలు. వీళ్ళు ఊరుకోలేదు, ఆ బురద తీసుకెళ్ళి ప్రభుత్వ కార్యాలయంలో పోశారు. చివరికి తీశారు గానీ, అందుకోసం బాధితుల కోసం ప్రపంచమంతా పంపిన విరాళాల నిధిలోంచి లక్షా యాభైవేల పౌన్లు తీసుకున్నారు! బిడ్డల్ని చంపిన మట్టిని తియ్యడానికి ఆ బిడ్డల పేరు మీద వచ్చిన డబ్బు. ఆ సొమ్ము తిరిగిచ్చింది 1997లో. అదీ వడ్డీ లేకుండా. 2007లో వేల్స్ ప్రభుత్వం ఇంకొంత ఇచ్చింది. నలభై ఏళ్ళు! అప్పటికి ఆ తల్లుల్లో ఎంతమంది మిగిలారు?

మన దగ్గరికొస్తే, మట్టి కింద పోయిన మనిషికి ఇచ్చే విలువలోనే తేడా ఉంది. 2024లో సింగరేణి రెగ్యులర్ కార్మికులకి కోటి రూపాయల ప్రమాద బీమా ఏర్పాటైంది, కాంట్రాక్టు కార్మికులకి 30 లక్షలు. అంతకుముందుతో పోలిస్తే ఇది మంచి పనే, కాదనను. కానీ రెగ్యులర్ కార్మికుడు పోతే ఇంట్లో ఒకరికి కారుణ్య నియామకం ఉంటుంది. కాంట్రాక్టు మనిషి పోతే ఆ ఉద్యోగం ఉండదు. ఓబీ మట్టి ఎత్తే పని ఇవాళ ఎక్కువగా కాంట్రాక్టు వాళ్ళదే. అంటే గుట్ట దగ్గర ఎక్కువసేపు ఉండేవాడికే తక్కువ. మట్టి ఇద్దరినీ ఒకేలా కప్పుతుంది, కాగితం దగ్గరికొచ్చేసరికి వేరు వేరు.

ఇక ఆడవాళ్ళ సంగతి. 2019లో కేంద్రం గనుల్లో ఆడవాళ్ళు కొన్ని షరతులతో భూగర్భంలోనూ, ఓపెన్‌కాస్టుల్లో రాత్రి షిఫ్టుల్లోనూ పనిచేయవచ్చని అనుమతి ఇచ్చింది. సంతోషమే. అయితే గనిలో పనిచేసే ఆడవాళ్ళ గురించే కాదు, గని పక్కన బతికే ఆడవాళ్ళ గురించి కూడా ఎవరైనా ఆలోచించాలి. గుట్ట కింది వాగులో నీళ్ళు ఎర్రబడ్డాయని మొదట చూసేది బట్టలుతకడానికి పోయిన మనిషి. మేకలు ఎక్కే దారిలో నెర్రె వచ్చిందని చూసేది మేకలు కాసే ముసలమ్మ. ఆమె ఎవరికి చెప్పాలి? చెప్తే ఎవరు రాసుకుంటారు? అబర్‌ఫాన్ తల్లుల అర్జీ లాగా బీరువాలో పడితే ఏం లాభం?

నేను ఇంజనీర్ని కాను. బీఏ చదివి, వంటింట్లో కథలు రాసుకునేదాన్ని. అయినా అడగడానికి కొన్ని ఉన్నాయి. రాడార్లు, పరికరాలు చూపించే కదలికల లెక్కని వానాకాలంలో వారానికోసారి పంచాయతీ గోడ మీద అంటించడానికి ఏం అడ్డం? బొగ్గు లెక్క రోజూ పేపర్లకి ఇస్తున్నారు కదా! గుట్టల పాదాల దగ్గర ఉన్న ఊళ్ళకి సైరనో, ఫోను కబురో ఎందుకు ఉండకూడదు? అనుమానంతో బండి ఆపిన డ్రైవర్‌కి ఆ గంటల ట్రిప్పుల డబ్బు ఇచ్చేట్టు కాంట్రాక్టు కాగితంలోనే రాయించవచ్చు. నా మట్టుకు అన్నిటికంటే ముఖ్యం ఇదే. కూలకపోయినా సరే, ఇవ్వాలి. వాడు భయపడుతోంది దానికే. గని మూసేశాక ఆ గుంటని, ఆ గుట్టల్ని ఎవరు సర్దుతారు, ఆ డబ్బు ఇప్పుడే ఎక్కడ దాచిపెట్టారు అన్నది కూడా ఊరివాళ్ళకి తెలిసే భాషలో చెప్పాలి. ఇంగ్లీషులో వందల పేజీల నివేదిక ఉందంటే మాకేం తెలుస్తుంది?

ఈ మాట మావారితో అంటే "ఖర్చవుతుందోయ్" అన్నారు. తాత కూడా అదే అన్నాడు. 2023లో చైనా ఇన్నర్ మంగోలియాలో అల్షా దగ్గర ఓపెన్‌కాస్టు గోడ జారి 53 మంది పోయారు. ఆ గని వాళ్ళు కూడా ఖర్చు లెక్క వేసే ఉంటారని అన్నాను. ఆయన పేపర్లో తల దూర్చారు.

నిన్న రాత్రి మళ్ళీ వాన. పదకొండింటికి అక్కకి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తింది, మేలుకునే ఉంది.

"పోయిండా?" అన్నాను.

"పోయిండు. గానీ మట్టి తడిసిందని బండ్లు దించలేదంట. షెడ్డుల కూసున్నమని ఫోన్ జేసిండు."

"మరి ఇయ్యాల్టి ట్రిప్పులు?"

"ఏడియే... పోతే పోయినయి. షెడ్డుల ఉన్నడు గదా" అంది అక్క. ఆ తర్వాత ఇద్దరం మిరపకాయల ధర గురించి మాట్లాడుకున్నాం, మానుకోటలో చెల్లెలు కల్లంలో ఉన్నవాటిని కప్పిందో లేదో అని.